ఎక్స్‌రే ఖగోళశాస్త్రం: ఎక్కడ మొదలుపెట్టాలి?

పగటిచుక్క:
ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. మన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలోని ఎస్‌ఎక్స్‌టీ (తక్కువ శక్తి ఎక్స్‌రేల టెలిస్కోపు) డేటా డౌన్‌లోడ్ చేసుకుని తెరిచాను. బొమ్మ వస్తుందనుకుంటే పొడవాటి పట్టిక వచ్చింది. వరుసకొక సమయం, ఛానల్ సంఖ్య, ఎక్స్, వై. దీన్నుంచి వర్ణపటం ఎలా తీస్తారు? ముందు ఏమి చదవాలి?

బెలూన్ బాబాయి:
ముందు ఆ పట్టికనే చదువు నాయనా. ఒక్కో వరుస దాదాపుగా ఒక్కో ఫోటాన్. ఇవి వచ్చేదే అరుదు, అందుకే ఎప్పుడు, ఎక్కడ, ఎంత శక్తితో తగిలిందో విడివిడిగా రాసిపెడతారు. సమయం వారీగా లెక్కపెడితే లైట్ కర్వ్ (వెలుగు హెచ్చుతగ్గుల గీత), ఛానల్ వారీగా, అంటే శక్తి వారీగా అయితే వర్ణపటం, ఎక్స్, వై వారీగా అయితే నీ బొమ్మ. నూరు ఫోటాన్లు వస్తే పది అటూ ఇటూ ఉంటుంది. విడివిడిగా వచ్చిపడేవాటి లెక్కలో ఉండే ఈ ఊగిసలాటకే పాయిజాన్ గణితం అని పేరు, దాన్ని గట్టిగా పట్టు. కృష్ణబిలాలు ఎక్కడికీ పోవు, తర్వాత చదవచ్చు.

అద్దాలపిచ్చి:
బాబాయి గారు అద్దాల ఊసే ఎత్తలేదు! ఎక్స్‌రే నిటారుగా తగిలితే అద్దంలోకి దూరిపోతుంది. డిగ్రీ, మహా అయితే రెండు డిగ్రీల వాలులో తగిలితేనే పరావర్తనం. అందుకే 1999లో పంపిన చంద్రా ఎక్స్‌రే టెలిస్కోపులో అద్దాలు ఒకదానిలో ఒకటి ఇమిడిన గొట్టాల్లా ఉంటాయి, నాలుగు జతలు.

పగటిచుక్క:
ఛానల్ సంఖ్య నుంచి వెనక్కి లెక్కగట్టి అసలు వర్ణపటం రాబట్టలేమా?

బెలూన్ బాబాయి:
నమ్మదగినట్టుగా రాబట్టలేం. 6.4 కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల ఇనుము రేఖనే చూడు, ఒకే శక్తి ఉన్న ఫోటాన్లు పక్క ఛానళ్లలోకీ చెదిరిపోతాయి. అందుకే ముందు ఒక నమూనా ఊహించి, డిటెక్టర్ స్పందన మాత్రికలోంచి (ఏ శక్తి ఫోటాన్ ఏ ఛానల్లో ఎంతవరకు పడుతుందో చెప్పే పట్టిక) దాన్ని పంపి, వచ్చినదాన్ని డేటాతో పోలుస్తారు. ఎక్స్‌స్పెక్ అనే సాఫ్ట్‌వేర్ చేసే పని అదే. రెండు నమూనాలు సమానంగా అతికితే మాత్రం తీర్పు ఫిజిక్సే చెప్పాలి.

నేపథ్యాన్ని, అంటే మనం చూసే వస్తువు నుంచి కాకుండా వచ్చే లెక్కల్ని, తేలిగ్గా తీసుకోకు. మేం హైదరాబాద్ నుంచి బెలూన్లు వదిలిన రోజుల్లో, నలభై కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లినా ఇరవై కిలో ఎలక్ట్రాన్‌వోల్టుల లోపువి గాలి దాటి వచ్చేవి కావు. వచ్చిన లెక్కల్లోనూ సింహభాగం నేపథ్యమే. కాసేపు నక్షత్రం వైపు, కాసేపు పక్కనున్న ఖాళీ ఆకాశం వైపు తిప్పి తీసివేసేవాళ్లం.

మొదటి అభ్యాసానికి క్రాబ్ నెబ్యులా (పేలిపోయిన నక్షత్రపు శేషం) తీసుకో. శక్తి పెరిగేకొద్దీ ఫోటాన్లు ఎంత వేగంగా తగ్గుతాయో చెప్పే పవర్ లా సూచిక 2.1 దగ్గర రావాలి. దాని మధ్యలో గిరగిరా తిరిగే పల్సార్ నక్షత్రం 33 మిల్లీసెకన్లకోసారి ఇచ్చే పల్స్‌లు మాత్రం ఈ ఫైల్లో వెతకకు, ఎస్‌ఎక్స్‌టీ ఒక్కో ఫ్రేముకు సుమారు 2.4 సెకన్లు తీసుకుంటుంది. వాటికి ఆస్ట్రోశాట్‌లోనే ఉన్న లాక్స్‌పీసీ అనే మరో పరికరం డేటా చూడాలి.