పడవలో కూర్చుని హిచ్‌కాక్ గురించి మాట్లాడే డాక్యుమెంటరీ ఎక్కడ దొరుకుతుంది?

కిటికీసీటు:
పదేళ్ల కిందట మిత్రుడి ల్యాప్‌టాప్‌లో సగం చూసి వదిలేశాను. గడ్డం ఉన్న ఒకాయన మోటారు పడవలో కూర్చుని, మాటమాటకూ ముక్కు తుడుచుకుంటూ, హిచ్‌కాక్ తీసిన ‘ద బర్డ్స్’ గురించి గుక్క తిప్పుకోకుండా చెబుతుంటాడు. మరోచోట ‘సైకో’ ఇంటి మూడు అంతస్తులనూ ఫ్రాయిడ్ చెప్పిన మనసు పొరలతో పోలుస్తాడు. పై అంతస్తు మందలించే అధ్యహం (సూపర్‌ఈగో), మధ్యది అహం (ఈగో), నేలమాళిగ అణచిపెట్టిన కోరికల అచిత్తు (ఇడ్). అప్పటినుంచి తెర మీద ఎవరు మెట్లు దిగినా నాకు అదే గుర్తొస్తోంది. పేరు మాత్రం గుర్తు లేదు. ‘సినిమా, తత్వశాస్త్రం’ అని వెతికితే అన్నీ తరగతి గది ఉపన్యాసాలే. సాయం చేయండి.

పాతరీలు:
ముక్కు దగ్గరే పోల్చుకున్నానండీ! ఆయన స్లొవేనియా తత్వవేత్త స్లావోయ్ జిజెక్. చిత్రం ‘ద పర్వర్ట్స్ గైడ్ టు సినిమా’, 2006. మూడు భాగాలు, మొత్తం రెండున్నర గంటలు. జిజెక్ పేరుతో వెతకకండి, ఆయన ప్రసంగాల వరదలో కొట్టుకుపోతారు. దర్శకురాలు సోఫీ ఫైన్స్ పేరుతో వెతకండి. పేరులో ‘పర్వర్ట్’ ఉంది కదా, నా కంప్యూటర్‌లోని పిల్లల భద్రత వడపోత ఆ ఫలితాలన్నీ మింగేసింది. అది తెలిసేసరికి ఒక సాయంత్రం పోయింది.

అర్ధరాత్రి_ఆట:
ఒక జాగ్రత్త. ఇదే జంట 2012లో ‘ద పర్వర్ట్స్ గైడ్ టు ఐడియాలజీ’ తీశారు. నేను అదే ఇదనుకుని అద్దె కట్టాను. మొదట్లోనే చెత్తకుండీ, నల్ల కళ్లద్దాలు, ‘దే లివ్’ సినిమా కనిపిస్తే మీరు రెండోదాంట్లో ఉన్నట్టు. అదీ బాగుంటుంది, కానీ మీ పడవ అందులో లేదు.
ఏ సినిమా ఆన్‌లైన్‌లో ఎక్కడ దొరుకుతుందో చూపే జస్ట్‌వాచ్ సైట్‌లో మీ దేశం ఎంచుకుని చూడండి. హక్కులు దేశానికో రకంగా ఉంటాయి, నాకు కనిపించింది మీకు కనిపించకపోవచ్చు. అక్కడ లేకపోతే గ్రంథాలయంలో అడగండి. డీవీడీ అయితే దాని మీది రీజియన్ సంఖ్య (ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో చెప్పేది) చూడకుండా కొనకండి.

కిటికీసీటు:
అదేనండీ, పోస్టర్ చూడగానే గుర్తుపట్టాను! ఆన్‌లైన్‌లో నాకు దొరకలేదు. గ్రంథాలయం వారు మాత్రం డీవీడీ తెప్పిస్తామన్నారు. ఇంటికొచ్చాక చూస్తే నా కంప్యూటర్‌కు డిస్కు పెట్టే చోటే లేదు.

పాతరీలు:
యూఎస్‌బీకి తగిలించే డ్రైవ్ దొరుకుతుంది. ఈలోగా ‘ద బర్డ్స్’ మరోసారి చూసేయండి, పడవ ప్రయాణం ఎందుకో తెలియకపోతే ఆయన హాస్యం సగం పోతుంది.