నాలా వెడల్పు నక్షాను బట్టా, నేల మీద ఉన్నదాన్ని బట్టా?

అందరికీ నమస్కారం. హైదరాబాద్ శివార్లలో మాకు 200 గజాల ప్లాట్ ఉంది, 30 బై 60. వెనక ప్రహరీని ఆనుకునే నాలా పోతుంది. పై చెరువు అలుగు పారితే ఆ నీళ్లన్నీ ఇందులోంచే కింది కుంటలోకి దిగుతాయి.

2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168 ప్రకారం నాలా 10 మీటర్ల కంటే వెడల్పుంటే 9 మీటర్లు, లేకపోతే 2 మీటర్లు బఫర్ (ఏమీ కట్టకుండా ఖాళీ జాగా) వదలాలి. ఇంతవరకు అర్థమైంది. కానీ టేపు పట్టి కొలిస్తే ఆరేడు మీటర్లే వస్తోంది, ఎందుకంటే అవతలి ఒడ్డున ఎవరో మొరం పోసి రేకుల షెడ్డు వేశారు. గ్రామ నక్షాలో (రెవెన్యూ మ్యాపులో) మాత్రం అదే నాలా చాలా వెడల్పుగా ఉంది. నక్షానే లెక్కైతే మా ప్లాట్‌లో సగం పోయినట్టే. కబ్జా చేసింది వాళ్లు, భయపడేది మేము!

ప్లాన్ గీసిన ఇంజినీర్ "సెల్ఫ్ సర్టిఫికేషనే కదా సార్, మనం రాసిచ్చిన దాని మీదే పర్మిషన్ వస్తుంది, ఏం కాదు" అంటున్నాడు. రేపు తేడా వస్తే నోటీసు నా పేరు మీదే కదా వచ్చేది. 2024లో చెరువులు, నాలాల మీది కబ్జాలు కూల్చే హైడ్రా వచ్చినప్పటి నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్.

ఇరిగేషన్ శాఖ నుంచి ఎన్‌ఓసీ తీసుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. వాళ్లు వెడల్పు దేన్ని బట్టి తీసుకున్నారు? రెవెన్యూ వాళ్లతో కలిపి జాయింట్ సర్వే అడగొచ్చా? వదిలిన బఫర్‌ను వెనక సెట్‌బ్యాక్ (ఇంటికీ ప్రహరీకీ మధ్య ఎలాగూ వదలాల్సిన ఖాళీ) కింద లెక్కేస్తారా, లేక అది వేరే వదలాలా?