గుజ్జు ఫ్యాక్టరీలో ఫండ్ వాళ్లకు వాటా ఇవ్వొచ్చా? పాత మర్చంట్ బ్యాంకర్లూ ఇప్పటి ప్రైవేట్ ఈక్విటీ వాళ్లూ ఒకటేనా?

దామలచెరువు తోట:
అందరికీ నమస్కారం. మా చిన్నమామది చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. ఇరవై ఏళ్లకు పైగా నడుస్తోంది. ఏడాదికి సరిపడా కాయంతా సీజన్ రెండు మూడు నెలల్లోనే కొనాలి. గుజ్జు అమ్ముడుపోవడానికి మాత్రం ఏడాది పడుతుంది. అందుకే బ్యాంకు సీసీ (సరుకు కొనడానికి పరిమితి పెట్టి ఇచ్చే అప్పు) ఎప్పుడూ అంచుదాకా వాడేసి ఉంటుంది. ఇప్పుడు బెంగళూరు నుంచి ఒక ప్రైవేట్ ఈక్విటీ ఫండ్ (కంపెనీల్లో వాటా కొని డబ్బు పెట్టే సంస్థ) వాళ్లు వచ్చి 40 శాతం వాటా అడుగుతున్నారు. కొత్త ప్యాకింగ్ లైన్‌కి డబ్బు పెడతామంటున్నారు. చిన్నమామ సంతకానికి సిద్ధం. అమ్మకీ పెద్దమామకీ ఇష్టం లేదు. నెల రోజులుగా ఇంట్లో ఇదే టెన్షన్.

వచ్చినాయన ఒక మాట అన్నాడు. తాము కొత్తగా పుట్టుకొచ్చినవాళ్లం కాదట, వందల ఏళ్లుగా వ్యాపారాలను నిలబెట్టిన మర్చంట్ బ్యాంకర్ల వారసులట. ఆ మాట నిజమేనా? నిజమైతే మాకు ధైర్యమే. కాకపోతే ఎక్కడ తేడా ఉందో తెలిసినవాళ్లు చెప్పండి.

కాణిపాకం సీఏ:
తమ్ముడూ, ముందు ఆ పేరు దగ్గరే గందరగోళం ఉంది. మన దేశంలో మర్చంట్ బ్యాంకర్ అంటే కంపెనీల పబ్లిక్ ఇష్యూ, అంటే జనానికి వాటాలు అమ్మే పని, నడిపించేవాడు. 1967లో గ్రిండ్లేస్ బ్యాంకు ఈ విభాగం మొదలుపెట్టింది. 1970లో సిటీబ్యాంకు, 1972లో స్టేట్ బ్యాంకు వచ్చాయి. 1992లో స్టాక్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ నిబంధనలు పెట్టింది. వీళ్లు ఫీజు తీసుకుని పని చేసిపెడతారు. నీ ఫ్యాక్టరీలో సొంత డబ్బు పెట్టడం వీళ్ల వృత్తి కాదు.

ఫండ్ ఆయన చెప్పింది లండన్ మర్చంట్ బ్యాంకర్ల గురించి. వాళ్లు మొదట అచ్చమైన వ్యాపారులు. బేరింగ్ కుటుంబానిది ఉన్ని వ్యాపారం, 1762లో లండన్‌లో కొట్టు తెరిచారు. సరుకు కొంటూ అమ్ముతూ ఉంటే ఏ ఊళ్లో ఎవరి కాగితం చెల్లుతుందో తెలిసొచ్చింది. తర్వాత సరుకు పక్కన పెట్టి, ఇతరుల హుండీల (ఫలానా రోజున ఇంత చెల్లిస్తామని వర్తకులు రాసే కాగితాల) మీద తమ సంతకం పెట్టి కమీషన్ తీసుకోవడం మొదలుపెట్టారు. బేరింగ్ సంతకం ఉంటే ఆ హుండీ ఎక్కడైనా నగదుగా మారేది. 1803లో అమెరికా ఫ్రాన్స్ దగ్గర లూసియానా కొన్నప్పుడు, అమెరికా ఇచ్చిన బాండ్లు తీసుకుని ఫ్రాన్స్‌కు నగదు చేర్చింది బేరింగ్‌లూ, ఆమ్‌స్టర్‌డామ్‌లోని హోప్ సంస్థా కలిసి.

ప్రైవేట్ ఈక్విటీ మూలాలు అమెరికాలో ఉన్నాయి. 1946లో జార్జ్ డోరియో అనే ప్రొఫెసర్ మరికొందరితో కలిసి బోస్టన్‌లో, కొత్త కంపెనీల్లో డబ్బు పెట్టే ఒక సంస్థ పెట్టాడు. 1957లో అది డిజిటల్ ఎక్విప్‌మెంట్ అనే చిన్న కంప్యూటర్ కంపెనీలో 70,000 డాలర్లు పెట్టింది. ఆ వాటా విలువ తర్వాత వందల రెట్లు దాటిపోయింది. 1976లో ఒక ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు (అమెరికాలో మర్చంట్ బ్యాంకు లాంటిది) వదిలి వచ్చిన ముగ్గురు కేకేఆర్ అనే ప్రైవేట్ ఈక్విటీ సంస్థ పెట్టారు. కాబట్టి మర్చంట్ బ్యాంకర్ల ఇంటి నుంచే వచ్చారనడం పూర్తిగా అబద్ధం కాదు. నా అభిప్రాయం అడిగితే, మంచి ఒప్పందం దొరికితే తీసుకోండి.

స్వర్ణముఖి ఒడ్డు:
సీఏ గారూ, మీరు చెప్పిన వివరాలన్నీ సరైనవే. అసలు తేడా మాత్రం వదిలేశారు. నేను ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పినవాణ్ణి, అందుకే ఊరుకోలేక రాస్తున్నాను.

పాత మర్చంట్ బ్యాంకరు పెట్టింది సొంత డబ్బు. సంస్థ మునిగితే ఇల్లూ పొలమూ కూడా పోయే భాగస్వామ్యం. ఇప్పటి ఫండ్ అలాంటిది కాదు. పెన్షన్ నిధులు, బీమా కంపెనీలు, బాగా డబ్బున్న కుటుంబాలు ఇచ్చిన సొమ్మును ఒక మేనేజరు తెచ్చి పెడతాడు. అందులో అతని సొంతం చాలా తక్కువ. ఏటా 2 శాతం ఫీజు, లాభంలో 20 శాతం వాటా తీసుకోవడం ఈ రంగంలో పాతుకుపోయిన ఆనవాయితీ. ఇంకో సంగతి, ఫండ్‌కు సాధారణంగా పదేళ్ల ఆయుష్షు. పదేళ్లలోపు డబ్బు తిరిగి పంచేయాలి. మొదటి నాలుగైదేళ్లు పెట్టడం, మిగతా కాలం అమ్ముకుని బయటపడటం. అంటే నీ ఫ్యాక్టరీలోకి అడుగుపెట్టిన రోజే ఎవరికి అమ్మాలా అని చూస్తాడు. తన పేరు మీద వ్యాపారం నిలబడాలని చూసుకునే బేరింగ్‌కీ ఇతనికీ పోలికేంటి?

1982లో అమెరికాలో గిబ్సన్ గ్రీటింగ్స్ అనే శుభాకాంక్షల కార్డుల కంపెనీని 8 కోట్ల డాలర్లకు కొన్నారు. కొన్నవాళ్లు సొంతంగా పెట్టింది దాదాపు పది లక్షల డాలర్లు. మిగతాదంతా అప్పు, అదీ కంపెనీ నెత్తిమీదే. ఏడాదిన్నరకు దాన్ని స్టాక్ మార్కెట్‌కు తెచ్చేసరికి దాని విలువ 29 కోట్లు. ఆ వ్యవహారం చూసిన తర్వాతే వాల్ స్ట్రీట్ అంతా ఈ దారి పట్టింది. అదే పద్ధతిలో 2005లో టాయ్స్ ఆర్ అస్ అనే బొమ్మల దుకాణాల సంస్థను కొన్నారు. అప్పు భారం దిగలేదు, 2017లో దివాలా తీసింది. మరుసటి ఏడాది అమెరికాలోని దుకాణాలన్నీ మూతపడ్డాయి. ముప్పై వేల మందికి పైగా ఉద్యోగాలు పోయాయి.

కాణిపాకం సీఏ:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే ఒప్పుకోలేకపోతున్నాను.

సొంత డబ్బు పెడితే జాగ్రత్తగా ఉంటారంటున్నారు. అదే బేరింగ్ సంస్థ 1890లో అర్జెంటీనా బాండ్లలో ఇరుక్కుని మునిగే స్థితికి వచ్చింది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ మిగతా బ్యాంకులను పిలిచి హామీ నిధి కూడగడితే బతికింది. అప్పుడు వాళ్లు పెట్టింది సొంత డబ్బే కదా?

టాయ్స్ ఆర్ అస్ ఉదాహరణ ఇక్కడ అతకదు. మన రిజర్వ్ బ్యాంకు చాలాకాలం పాటు కంపెనీల వాటాలు కొనడానికి బ్యాంకులు అప్పివ్వకుండా కట్టడి చేసింది. అందుకే అమెరికా తరహాలో అప్పుతో కంపెనీని కొని ఆ అప్పు దాని నెత్తిన రుద్దడం ఇక్కడ అరుదు. ఇక్కడ ఎక్కువగా జరిగేది కొంత వాటా తీసుకుని కొత్త డబ్బు లోపలికి తేవడం. వార్‌బర్గ్ పింకస్ అనే ఫండ్ 1999 నుంచి భారతీ ఎయిర్‌టెల్‌లో సుమారు 30 కోట్ల డాలర్లు పెట్టి, 2005 నాటికి దాదాపు అయిదు రెట్లు తీసుకుని వెళ్లింది. కంపెనీ పెరిగింది, యాజమాన్యం మిట్టల్ కుటుంబం చేతిలోనే ఉంది. మన పక్క జిల్లా నెల్లూరులో పుట్టిన దొడ్ల డెయిరీ సంగతీ చూడండి. 2017లో టీపీజీ అనే ఫండ్ డబ్బు పెట్టింది, 2021లో కంపెనీ పబ్లిక్ ఇష్యూకు వెళ్లింది. పాల కేంద్రాలు మూతపడలేదు, ప్రమోటర్లు వ్యాపారం వదిలి వెళ్లలేదు.

స్వర్ణముఖి ఒడ్డు:
దొడ్ల పేరు చెప్పారు కాబట్టి తిరుమల మిల్క్ పేరూ చెప్పండి. 2010లో కార్లైల్ ఫండ్ వాటా తీసుకుంది. నాలుగేళ్లు తిరక్కుండానే, 2014లో, కంపెనీ మొత్తం ఫ్రాన్స్‌కు చెందిన పాల కంపెనీ లాక్టాలిస్ చేతికి వెళ్లింది. యజమానులకు మంచి ధరే వచ్చింది, వాళ్లు ఇష్టపడే అమ్మారు, తప్పు పట్టను. కానీ ఆ తమ్ముడి ఇంట్లో అమ్మా పెద్దమామా భయపడుతున్నది సరిగ్గా దీని గురించే కదా.

1890 గురించి. మునిగే స్థితికి వచ్చారు, నిజమే. కానీ ఆ తప్పుకు భాగస్వాములు సొంత ఆస్తులతో మూల్యం కట్టారు. ఆ తర్వాతే దాన్ని లిమిటెడ్ కంపెనీగా, అంటే మునిగినా యజమానుల సొంత ఆస్తి పోని సంస్థగా, మార్చారు. 1995లో సింగపూర్‌లో ఒక ఉద్యోగి ఆడిన జూదానికి 80 కోట్ల పౌండ్లకు పైగా పోయి, ఆ బేరింగ్ సంస్థే ఐఎన్‌జీ అనే డచ్ సంస్థకు ఒక్క పౌండుకు అమ్ముడుపోయింది. అప్పటికి పై వాళ్ల ఇళ్లు భద్రం. నేను చెప్పేది ఈ తేడా గురించే.

పలమనేరు ఘాట్:
పెద్ద కంపెనీల లెక్కలు నాకు తెలియవన్నా. ఫండ్ల డబ్బు మా వీధిలోకి వచ్చినప్పుడు ఏం జరిగిందో మాత్రం తెలుసు.

2010కి ముందు మా డ్వాక్రా ఆడవాళ్ల చుట్టూ మైక్రోఫైనాన్స్ వాళ్లు తిరిగేవాళ్లు. మా అమ్మ ఒక సంస్థలో అప్పు తీసుకుంది (పేరు ఇక్కడ రాయను). అది తీర్చడానికి ఇంకో దాంట్లో తీసుకుంది. ప్రతి వారం కిస్తీ. గ్రూపులో ఒకామె కట్టకపోతే మిగతావాళ్లంతా ఆమె ఇంటి ముందు కూర్చోవాలి. చిన్ననాటి నుంచి స్నేహితులైన ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మానేశారు.

అప్పుడు నాకు పదిహేనేళ్లు. ఎందుకింత తొందర అని అర్థం కాలేదు. తర్వాత చదువుకున్నాను. ఈ రంగంలోకి పెట్టుబడి ఫండ్లు వచ్చాయి. 2007లో ఎస్‌కేఎస్ అనే మైక్రోఫైనాన్స్ సంస్థలో సీక్వోయా ఫండ్ డబ్బు పెట్టింది, 2010 ఆగస్టులో ఆ సంస్థ స్టాక్ మార్కెట్‌కు వెళ్లింది. ఫండ్‌కు గడువు ఉంటే సంస్థకు ఏటా ఇంతింత పెరగాలనే ఒత్తిడి ఉంటుంది. ఆ ఒత్తిడి మెట్లు దిగుతూ వచ్చి చివరికి కిస్తీ కట్టే మనిషి మీద పడుతుంది. అదే ఏడాది అక్టోబర్‌లో, ఆత్మహత్యల వార్తల మధ్య, ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఈ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది.

అందరూ వాటా గురించే మాట్లాడుతున్నారు. ఆ ఒత్తిడి మామిడి రైతు మీద పడదా అని నేను అడుగుతున్నాను.

కాణిపాకం సీఏ:
ఈ ప్రశ్నకు నా దగ్గర వెంటనే జవాబు లేదమ్మా. న్యాయమైన ప్రశ్న.

కరకంబాడి రోడ్డు:
మన తిరుపతిలోనే ఒక ఉదాహరణ ఉంది, ఎవరూ ఎత్తలేదు. అమరరాజా 1985లో మొదలైంది. 1997 చివర్లో బ్యాటరీల కోసం అమెరికా కంపెనీ జాన్సన్ కంట్రోల్స్‌తో కలిసింది. చెరి 26 శాతం. అది ఫండ్ కాదు, బ్యాటరీలు తయారుచేసే కంపెనీయే. ఇరవై ఏళ్లు కలిసి నడిచారు. 2019లో జాన్సన్ కంట్రోల్స్ తన బ్యాటరీ వ్యాపారం మొత్తాన్ని బ్రూక్‌ఫీల్డ్ అనే పెట్టుబడి సంస్థకు, దానితో వచ్చిన మదుపరులకు 1,320 కోట్ల డాలర్లకు అమ్మింది. దాని పేరు క్లారియోస్ అయింది. అంటే ఇక్కడి కంపెనీ పెద్ద వాటాదారు వెనక ఉన్న యజమాని ఎక్కడో జరిగిన బేరంతో మారిపోయాడు. ఆ తర్వాత క్లారియోస్ 2021లో కొంత, 2023లో మిగిలింది అమ్ముకుని వెళ్లిపోయింది.

ఫ్యాక్టరీకి ఏమీ కాలేదు, పని నడుస్తూనే ఉంది. ఎందుకంటే కుటుంబం చేతిలో గట్టి వాటా ఉంది, అమ్ముకోవడానికి స్టాక్ మార్కెట్ ఉంది. మీ మామ ఫ్యాక్టరీకి స్టాక్ మార్కెట్ లేదు. 40 శాతం వాటా అయిదేళ్ల తర్వాత ఎవరు కొంటారు? మీరే కొనాలి, లేదా మొత్తం ఫ్యాక్టరీ ఇంకెవరికో పోవాలి. ఒప్పందంలో ఈ సంగతి ఏం రాశారో చూశావా తమ్ముడూ?

స్వర్ణముఖి ఒడ్డు:
తిరుపతిలో కూర్చుని ఈ మాట చెప్పకపోతే తప్పవుతుంది. మర్చంట్ బ్యాంకింగ్ అంటే లండన్ దాకానే వెళ్తున్నాం. 15, 16 శతాబ్దాల తిరుమల శాసనాలు, వాటిలో ఎక్కువ తమిళంలో ఉన్నాయి, చదివితే ఆలయమే ఒక పెట్టుబడిదారుగా కనిపిస్తుంది. విజయనగర పాలకుడు సాళువ నరసింహుని కాలం నుంచి రాజులు, అధికారులు, వర్తకులు, తాళ్లపాక వారు శ్రీభండారంలో (ఆలయ ఖజానాలో) పణాలు, అంటే అప్పటి నాణేలు, జమ చేసేవారు. ఆలయ నిర్వాహకులైన స్థానత్తార్లు ఆ సొమ్ముతో ఆలయ గ్రామాల్లో చెరువులు బాగుచేయించేవారు, కాలువలు తవ్వించేవారు. నీరు పారితే పంట పెరుగుతుంది. ఆ పెరిగిన పంట నుంచి దాత పేరున నైవేద్యం జరిగేది. ప్రసాదంలో నాలుగో వంతు దాతకు. దాన్ని విట్టవన్ విళుక్కాడు అనేవారు. దాత తన వాటాను తర్వాతి తరానికి ఇచ్చుకోవచ్చు.

ఆ సొమ్ముకు గడువు లేదు. చెరువు అక్కడే ఉంటుంది, పెట్టుబడీ అక్కడే ఉంటుంది.

కాణిపాకం సీఏ:
చాలా మంచి విషయం చెప్పారు మాస్టారూ. కానీ ఆ గ్రామాల రాబడి ఆలయానిదే, కాబట్టి బయటపడాల్సిన పని ఆలయానికి లేదు. మామిడి ఫ్యాక్టరీకి అలాంటి పెట్టుబడిదారు ఈ రోజు ఎవరున్నారు? బ్యాంకు ఉంది, తాకట్టు అడుగుతుంది. ఫండ్ ఉంది, గడువు పెడుతుంది. మూడోది లేదు. అందుకే గడువు సంగతి ఒప్పందంలోనే తేల్చుకోమంటున్నాను.

బంగారుపాళ్యం రైతు:
ఇంతసేపు చదివినాను. కాయ తోలేది మేము, మా మాట కూడా వినండి.

2025లో గుజ్జుకు పోయే తోతాపురి మామిడి ధర పడిపోతే కిలోకి 12 రూపాయలన్నారు. ఫ్యాక్టరీ 8 ఇవ్వాల, ప్రభుత్వం 4 ఇవ్వాల. ర్యాంపుల (కాయ కొనే చోట్ల) దగ్గర ట్రాక్టర్ల క్యూలో రోజుల తరబడి నిలబడినోళ్లకు తెలుసు ఆ సీజన్ ఎట్లా గడిచిందో. ఫ్యాక్టరీ సొంత మనిషిదైనా డబ్బు నెలల తరబడి రాలేదు మాకు. కాబట్టి కుటుంబ వ్యాపారమంటే రైతుకు మేలు, ఫండ్ వస్తే కీడు అని నేను ఒప్పుకోను. వాళ్లు వచ్చినాక పదిహేను రోజుల్లో మా డబ్బు అకౌంట్లో పడేటట్టయితే నేను వాళ్లకే కాయ తోలతాను. పలమనేరు అక్క చెప్పిందీ నిజమే. ఏడాదికింత లాభం చూపించాలని పైనుంచి ఒత్తిడి వస్తే, మొదట కోత పడేది మా ధరలోనే. అప్పుడు చెప్పుకోను ఎవరి దగ్గరికి పోవాల? మీ మామ ఇంటికైతే పోయి అడగగలం.

దామలచెరువు తోట:
అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి ఒప్పందం ముసాయిదా తీసి అందరం కలిసి చదివాం. కరకంబాడి అన్న అడిగింది అందులో ఉంది. అయిదేళ్ల తర్వాత ఫండ్ తన వాటా అమ్మాలనుకుంటే, కొనేవాడు మొత్తం ఫ్యాక్టరీ అడిగితే, మా వాటా కూడా అదే ధరకు అమ్మి తీరాలి. చిన్నమామ ఆ పేజీ ఇంతవరకు చదవలేదు. చదివాక చాలాసేపు ఏం మాట్లాడలేదు.

ఈ ఆదివారం వాళ్లు మళ్లీ వస్తున్నారు. మూడు అడగాలనుకున్నాం. వాటా 40 కాదు, 24. అమ్మేటప్పుడు మొదట కొనే హక్కు మాకు, డబ్బు కూడగట్టుకోవడానికి ఏడాది గడువు. రైతు డబ్బు ఎన్ని రోజుల్లో ఇవ్వాలో ఒప్పందంలోనే రాయాలి. ఈ మూడోది పెట్టమన్నది అమ్మ, బంగారుపాళ్యం అన్న రాసింది చదివి వినిపించాక. సీఏ అన్నా, ఆ మొదట కొనే హక్కును ఎలా రాయించుకోవాలో శనివారంలోపు కాస్త చెప్పగలరా?

కాణిపాకం సీఏ:
ముసాయిదా తీసుకుని శనివారం పొద్దున ఆఫీసుకు రా. పెద్దమామను కూడా తీసుకురా.