మీ ఇంట్లో మొదట సంతకం నేర్చుకున్న ఆడమనిషి ఎవరు? ఆ తర్వాత ఏం మారింది?

కలిగిరి కోడలు:
మా అత్తకు డెబ్బై దాటాయి. మొన్న మందుల షాపు నుంచి తెచ్చిన బిళ్ళల షీటు తిప్పి చూసి, "దీని తేదీ పోయిన నెలతోనే అయిపోయింది గదా" అని వెనక్కి పంపించింది. చిన్నప్పుడు బడి గడప తొక్కని మనిషి. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు రాత్రిబడిలో నేర్చుకుంది. పగలంతా కూలి, అన్నాలయ్యాక లాంతరు ముందు పలక. తన పేరు కుదరడానికే పదిహేను రోజులు పట్టిందట. వంటింటి గోడ మీద బొగ్గుతో రాసి రాసి నేర్చుకుంది, తర్వాత సున్నం వేసేటప్పుడు కూడా ఆ ఒక్క చోటు వదిలేయమంది.

ఆ బళ్ళలో ఇచ్చిన వాచకంలోనే సారా గురించి సీతమ్మ కథ అని పాఠం ఉండేది. అది చదివిన ఆడవాళ్ళు వాళ్ళ ఇళ్ళ సంగతే మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. మా మండలంలోని దూబగుంటలో సారా కొట్టు మూయించారు, అందులో ముందు నిలిచిన రోశమ్మ గారి పేరు మీరూ వినే ఉంటారు. అక్కడి నుంచి ఊరూరా పాకింది, 1992లో సారా వేలంపాటలకే అడ్డం పడ్డారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. మీ ఇళ్ళలో ఏం జరిగిందో రాయండి.

పాలమూరు చిన్నోడు:
అక్కా, మా అమ్మది పొదుపు సంఘంలో చేరిన కొత్తలో నిశానీయే, అంటే వేలిముద్రే. మా చిన్నక్క అప్పుడు ఏడో తరగతి. ఒకరోజు రాత్రి పాస్‌బుక్ తీసి అమ్మకు చదివి వినిపిస్తుంటే రెండు నెలల కిస్తీ కట్టినట్టు ఎక్కలేదని తేలింది. తర్వాత మీటింగ్‌లో అమ్మ పుస్తకం అందరి ముందు పెట్టి అడిగింది, అక్కడికక్కడే ఎక్కించారు. ఇందులో అసలు విషయం వేరే ఉంది. ఆ ఏడాది అక్కను బడి మాన్పించి సీడ్ పత్తి చేన్లో క్రాసింగ్‌కు, అంటే పూలకు చేత్తో పుప్పొడి అద్దే కూలికి, పంపుదామని నాన్న బయానా కూడా తీసుకున్నాడు. పాస్‌బుక్ సంగతి అయిన వారానికి అమ్మ ఆ బయానా తిరిగి ఇచ్చేసి వచ్చింది. అక్క ఇప్పుడు స్టాఫ్ నర్సు, మా తమ్ముడి ఫీజులు అక్కే కట్టింది.

బెజవాడ అన్నయ్య:
చదివితే సంతోషంగానే ఉంది కానీ నా అనుభవం వేరు. మా చెల్లి ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, ల్యాబ్‌లో ఉద్యోగం చేస్తోంది. వచ్చే సంబంధాలన్నీ చదువుకున్న పిల్లే కావాలంటారు, ఉద్యోగం మాత్రం మానేయాలంటారు. దానికంటే ఎక్కువ చదివినవాడిని చూడాలి, వాడు ఇంకాస్త ఎక్కువ కట్నం అడుగుతాడు. చదువు వల్ల దానికి ఏం ఒరిగిందో నాకు అర్థం కావడం లేదు. మందు సంగతి కూడా అంతే కదండీ, 1997లో మళ్ళీ వచ్చేసింది.

టీచరమ్మ, ఆదిలాబాద్:
మా దగ్గర సమస్య అంతకంటే ముందే మొదలవుతుంది. పది పాసైన ఆడపిల్లల్లో కొందరు ఇంటర్‌లో చేరరు, కారణం కాలేజీ దూరం. 2023 డిసెంబర్ నుంచి బస్సు ఉచితం కాబట్టి టికెట్ డబ్బుల మాట పోయింది. కానీ మా రూట్లో సాయంత్రం ఒకటే బస్సు, అది తప్పితే పిల్ల చీకట్లో రోడ్డు మీద నిలబడాలి. తల్లి చదువుకున్నదైతే నాకు ఫోన్ చేసి "మేడమ్, హాస్టల్ సీటు దొరుకుతుందా" అని అడుగుతుంది, లేకపోతే ఆ పిల్ల పెళ్ళి కార్డే నా చేతికొస్తుంది. ఇది నేను ఏటా చూస్తున్నదే.

కలిగిరి కోడలు:
తమ్ముడూ, మీ బాధ నిజం. 1995 జనవరిలో పెట్టిన సంపూర్ణ మద్యనిషేధాన్ని రెండేళ్ళకే ఎత్తేశారు, ఆ మాటెత్తితే మా అత్తకు ఇప్పటికీ కోపం వస్తుంది. కానీ సారాకు పోయే డబ్బులో రోజుకొక రూపాయి దాచుకోవడం అప్పుడే మొదలైంది, మా జిల్లాలో పొదుపు లక్ష్మి అనేవాళ్ళు. ఆ పొదుపు మీద అప్పు తీసుకుని మా అత్త గేదెను కొంది. పాల డబ్బులు మామ చేతికి ఇవ్వలేదు, లెక్క తనే రాసుకునేది. నేను కాపురానికి వచ్చేసరికి అర ఎకరం ఆమె పేరు మీద ఉంది. నేను బీఈడీ చదువుతానంటే వద్దన్న మామను ఒప్పించింది కూడా ఆమే. చదువు ఒక్కటే చాలదు, సంపాదన చేతిలో ఉండాలి. ఒకటి అడుగుతాను, ఏమనుకోకండి. మీ చెల్లెలి జీతం ఎవరి దగ్గరుంటుంది?

బెజవాడ అన్నయ్య:
ఖాతా దాని పేరు మీదే ఉంది. ఏటీఎం కార్డు మాత్రం మొదటి జీతం నుంచి నాన్న బీరువాలో ఉంది, ఫోన్ నంబర్ కూడా నాదే ఇచ్చాం. ఇన్నాళ్ళూ నాకు ఇది తప్పుగా తోచలేదు. ఆదివారం ఇంటికి వెళ్తున్నాను, కార్డు దాని చేతికిచ్చి, నంబర్ మార్పించడానికి సోమవారం బ్యాంకుకు తీసుకెళ్తాను. నాన్నతో గొడవ తప్పదు. ఏమైందో వచ్చి రాస్తాను అక్కా.