దేశాధినేత ఖాతా ఎవరి చేతిలో ఉండాలి?

నిఘానేత్రం: పదవిలో ఉన్నవాళ్లు సోషల్ మీడియాలో సొంతంగా పోస్టులు పెట్టకూడదు. 2016 డిసెంబరులో పాకిస్తాన్ రక్షణమంత్రి ఖ్వాజా ఆసిఫ్ ఒక నకిలీ వార్తను నమ్మి, తమదీ అణ్వస్త్ర దేశమేనని ఇజ్రాయెల్‌ను ట్విట్టర్లో హెచ్చరించారు. ఒకరు రాసింది ఇంకొకరు మూలం సరిచూశాకే బయటికి వెళ్లాలి.

శేషు76: ఆ ఇంకొకరితోనే అసలు ముప్పు. ఖాతా ఆఫీసు చేతిలో ఉంటే ఏమవుతుందో ఎస్‌ఈసీని చూడండి. అమెరికా షేర్ మార్కెట్లను అదుపు చేసే సంస్థ అది. 2024 జనవరి 9న దాని ఎక్స్ ఖాతాకున్న ఫోన్ నంబరును దొంగలు తమ సిమ్‌కు మార్పించుకుని, పాస్‌వర్డ్ మార్చేశారు. రెండో అంచె ధ్రువీకరణను 2023 జులైలో తీయించి, మళ్లీ పెట్టుకోలేదు. బిట్‌కాయిన్ ఈటీఎఫ్‌లకు, అంటే షేర్లలా కొని అమ్ముకునే బిట్‌కాయిన్ ఫండ్లకు, అనుమతి ఇచ్చామని దొంగ పోస్టు పడింది. నిజం అనుమతి వచ్చింది మర్నాడు!

నిఘానేత్రం: ఖాతాను సిమ్‌కు కట్టిన పాపం అది. ఎస్సెమ్మెస్ ఓటీపీ ఆపేయాలి. ఒకే పాస్‌వర్డ్ పంచుకోకుండా ఎవరి లాగిన్ వాళ్లకివ్వాలి, ప్రతిదానికీ హార్డ్‌వేర్ కీ (లాగిన్ అయ్యేది అసలు మనిషేనని రుజువు చేసే చిన్న పరికరం) ఉండాలి, అదనపు కీ బీరువాలో ఉండాలి. రికవరీ ఈమెయిల్‌కూ ఇదే కాపలా కావాలి, తరచూ మరిచేది దాన్నే. మనిషి బదిలీ అయిన రోజే అనుమతి తీసేయాలి.

వింధ్య: 2020 జులై 15న ఒబామా, బైడెన్ ఖాతాలు పోయింది ట్విట్టర్ లోపలి నుంచి. ఉద్యోగులను ఫోన్లో బురిడీ కొట్టించి కంపెనీ పనిముట్లే చేజిక్కించుకున్నారు. 130 ఖాతాలకు గురిపెట్టి 45 నుంచి ట్వీట్లు వేశారు. మీ కీ అక్కడేం చేస్తుంది?

నిఘానేత్రం: ఏమీ చేయదు. అందుకే ముఖ్యమైన ప్రకటన ముందు ప్రభుత్వ సైట్లో ఉండాలి. లేకపోతే ఖండన కూడా దొంగ చేతిలో ఉన్న ఖాతాలోనే ఇవ్వాల్సొస్తుంది.

చలం_బ్లాగరి: శేషు గారి మాటే నాదీ.

శేషు76: కీలు, బీరువాలు, సైట్లు! నాయకుడు ఏమనుకుంటున్నాడో జనానికి నేరుగా తెలియాలి. గుమాస్తా కడిగి ఆరేసిన మాట ఎవరికి కావాలి? మీకు జనమంటేనే నమ్మకం లేదు.

నిఘానేత్రం: నిందలెందుకు? 2017 జులై 26న ట్రాన్స్‌జెండర్లను సైన్యంలో ఉండనివ్వబోమని ట్రంప్ ట్వీట్ చేశారు. మర్నాడు సంయుక్త సైన్యాధిపతుల చైర్మన్ డన్‌ఫర్డ్, రక్షణమంత్రికి అధ్యక్షుడి ఆదేశం అంది మార్గదర్శకాలు వెలువడేదాకా ఏ మార్పూ లేదని రాయాల్సొచ్చింది. ఈలోగా కొలువులో ఉన్నవాళ్ల గతేమిటి?

శేషు76: వ్యవస్థ ఆగి చూసుకుందిగా! అలా ఆగడం దాని పని. మాట్లాడటం నాయకుడి పని.

వింధ్య: ఇప్పుడు బయటపడింది. ఆ పోస్టు అభిప్రాయమా, ఆజ్ఞా అన్నదే మీ ఇద్దరి తగువు. అమెరికాలోని పోర్ట్ హ్యూరన్ నగర మేనేజరు ఫేస్‌బుక్‌లో ఒకరిని బ్లాక్ చేసిన కేసులో, 2024 మార్చిలో అమెరికా సుప్రీంకోర్టు రెండు ప్రశ్నలు పెట్టింది: ప్రభుత్వం తరఫున మాట్లాడే అధికారం ఆయనకు ఉందా? ఆ పోస్టులో ఆ అధికారాన్ని వాడుతున్నట్టు కనిపించాడా?

శేషు76: అది బ్లాకింగ్ కేసు. సైన్యానికి పనికిరాదు.

నిఘానేత్రం: రెండో ప్రశ్నకు జవాబు చెప్పండి. సర్వసేనాని అయిన అధ్యక్షుడి ట్వీట్ చదివిన సిపాయి దాన్ని ఏమని తీసుకోవాలి?