పడమటి హాలుకు లేత పిస్తానా, లేత కనకాంబరమా?

అనంతపురం. హాలు 12×14, ఎత్తు 10 అడుగులు, పడమటి కిటికీ, కింద నల్ల కడప బండలు. గోడలకు ఏ రంగు వేయించాలి?

↳ పిస్తానే. పడమటెండ పసుపుగా పడుతుంది, సాయంత్రం నాలుగయ్యేసరికి కనకాంబరం ముదురు నారింజైపోతుంది. కాకపోతే తెల్ల ట్యూబులైటు కింద పిస్తా కాస్త పాలిపోతుంది, అంతే.

↳ షాపులో ఇచ్చే రంగుల కార్డు చూసి తేల్చుకోకండి అన్నా. గోడంతా పరుచుకుంటే ముదురుగానే కనిపిస్తుంది. చిన్న డబ్బా తెచ్చి కిటికీ పక్కన, ఎదురుగోడన రెండడుగుల చదరాలు రెండు కోట్లు వేసి, పొద్దునా సాయంత్రమూ చూడండి. కింద పాత ముదురు రంగుంటే ముందు ప్రైమరు. లేకుంటే మచ్చలు తేలుతాయి.

↳ తలుపులు పోను దాదాపు 460 చదరపు అడుగులు. రెండు కోట్లకు 7–8 లీటర్లు. రెండు 4 లీటర్ల డబ్బాలూ ఒకేసారి కలిపించి, ఒకే బకెట్లో పోసుకోండి. తర్వాత విడిగా తెచ్చింది ఛాయ తేడా వస్తే గోడ మధ్యలో గీత కనిపిస్తుంది.