విడాకులకు ముందు పెద్దమనుషులా, వకీలా?

గూడెం అన్న: చెల్లి బాబుతో పుట్టింటికొచ్చి ఏడాది దాటింది. విడిపోదామని అటూ ఇటూ ఒప్పుకున్నారు. ఆదివారం పెద్దమనుషులను కూర్చోబెట్టి స్టాంపు కాగితం రాయించేస్తే సరిపోతుందంటున్నాడు మావయ్య. కోర్టంటే ఏళ్ల తరబడి వాయిదాలేనట. ఏం చేయమంటారు?

చీరాల: మీ మావయ్య మాటే వినండి. మా అక్క బంగారం, సామాను తిరిగొచ్చాయంటే పెద్దల వల్లే. కేసు పడిందంటే రెండు వైపులా పంతాలు పెరుగుతాయి.

వరంగల్ వకీలు: బంగారం ఇప్పించడానికి పెద్దలు పనికొస్తారు, కాదనను. కానీ విడాకులు వాళ్లిచ్చేవి కావు. హిందూ వివాహ చట్టం కింద కోర్టు డిక్రీ, అంటే విడాకులిస్తూ కోర్టు ఇచ్చే తీర్పు కావాలి. స్టాంపు కాగితాన్ని నమ్మి మీ చెల్లి రేపు మళ్లీ పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు, పైగా కేసు కూడా పడొచ్చు. అలా కాగితం చేతిలో పట్టుకుని ఏడుస్తూ వచ్చినవాళ్లను చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇద్దరికీ ఇష్టమే కాబట్టి అదే చట్టంలోని 13బి సెక్షన్ కింద ఉమ్మడిగా పిటిషన్ వేయొచ్చు. ఏడాది విడిగా ఉండాలన్న షరతు మీకు తీరిపోయింది. తర్వాత మామూలుగా ఆరు నెలలు ఆగాలి. మళ్లీ కలిసే ఆశ ఏమీ మిగలనప్పుడు, విడిగా ఉండి చాలాకాలమైనప్పుడు ఆ గడువును కోర్టు మాఫీ చేయొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఏళ్లు పట్టేది ఒకరు కాదన్న కేసులకు.

చీరాల: మాలో తరాలుగా కుల పెద్దలే విడగొడుతున్నారు. ఆ చట్టంలోనే ఆచారానికి చోటుందిగా?

వరంగల్ వకీలు: ఉందండీ, 29(2) సెక్షన్లో. అయితే అలాంటి ఆచారం మీ కులంలో పాతకాలం నుంచీ ఉందని, ఆపకుండా నడుస్తోందని సాక్ష్యాలతో రుజువు చేయాల్సింది దాన్ని చెప్పుకునేవాళ్లే. ఆ బరువు ఆ పిల్ల నెత్తిన ఎందుకు పెట్టాలి?

గూడెం అన్న: ఫీజుకు కూడా వెనకాడుతున్నామండీ.

వరంగల్ వకీలు: ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలునిస్తారు, 1987 న్యాయ సేవల చట్టంలోనే ఉంది. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, లేదా 15100కి ఫోన్ చేయండి. మగవాళ్లకైతే ఆదాయ పరిమితి చూస్తారు, ఎస్సీ, ఎస్టీలకు అదీ లేదు.

నల్గొండ టీచర్: అందరూ కాగితాల గురించే మాట్లాడుతున్నారు. ఆ అమ్మాయి రాత్రిళ్లు నిద్రపోతోందా? నా విడాకులప్పుడు చుట్టాలంతా సలహాలిచ్చారు తప్ప ఎలా ఉన్నావని ఒక్కరూ అడగలేదు. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్‌కు, 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. భర్త కొట్టడం, బెదిరించడం ఉంటే మాత్రం ముందు మహిళల హెల్ప్‌లైన్ 181కి చెప్పండి, అప్పుడు పంచాయితీ మాటే వద్దు.

గూడెం అన్న: కొట్టడం లేదండీ, మాట పడక విడిపోతున్నారు. చెల్లితో ఈ రాత్రే మాట్లాడతాను.

చీరాల: ఆదివారం కూర్చోవడం మాత్రం మానకండి. బాబును వారంలో ఎప్పుడు చూపించాలి, చదువు ఖర్చు ఎవరిది అన్నవి మన మనుషుల మధ్య తేలితేనే నిలుస్తాయని ఇప్పటికీ అంటాను.

వరంగల్ వకీలు: కూర్చోండి, తేలినవన్నీ రాసుకోండి. అవే షరతులు పిటిషన్లో పెడితే కోర్టు ముద్ర పడుతుంది. ఆదివారం నాడు మాత్రం మీ చెల్లి చేత ఏ కాగితం మీదా సంతకం పెట్టించకండి.